సర్వో కొనే ముందు కీళ్ళు చూడండి

కాలేజీ ఫెస్టుల్లో ఆర్‌సీ బగ్గీ రేసు చూసినవాళ్ళకి ఈ సీన్ కొత్త కాదు. బండి స్టార్టింగ్ లైన్ దగ్గర బుద్ధిగా నిలబడి ఉంటుంది. త్రాటిల్ నొక్కగానే పది అడుగులు తిన్నగా పోతుంది, తర్వాత తాగినవాడిలా అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. మలుపులో తిప్పితే తిరగదు, తిరిగితే మళ్ళీ తిన్నగా రాదు. చివరికి అంచున పేర్చిన టైర్లకి గుద్దుకుని బోర్లా పడుతుంది. రిమోట్ పట్టుకున్నవాడు ఇచ్చే తీర్పు కూడా మనకి తెలిసిందే: "సర్వో వీక్ మామా. కోఠీ పోయి 25 కేజీలది తెచ్చేద్దాం."

కోఠీ పోవడం వరకు నాకేం అభ్యంతరం లేదు. నా పేచీ అంతా ఆ "వీక్" అనే మాటతోనే. చాలా బళ్ళలో బలహీనంగా ఉండేది సర్వో కాదు. సర్వోకీ చక్రానికీ మధ్య ఉన్న కీళ్ళు, లేదంటే సర్వోకి కరెంటు వచ్చే దారి. ఆ రెండింటినీ వదిలేసి పెద్ద సర్వో బిగిస్తే డబ్బులు పోవడం ఒక్కటే కాదు, కొన్నిసార్లు బండి ముందుకంటే ప్రమాదకరంగా తయారవుతుంది. అదెలాగో కింద చెప్తాను.

ముందు బజారు సంగతి. హైదరాబాదులో ప్రాజెక్టు చేసిన ప్రతి ఈసీఈ, ట్రిపుల్ఈ స్టూడెంటుకీ గుజరాతీ గల్లీ తెలుసు. సుల్తాన్ బజార్ మెట్రోలో దిగి కోఠీ వైపు నడిస్తే, బ్యాంక్ స్ట్రీట్ పక్కన ఆ సందు తగులుతుంది. రెసిస్టర్ల నుంచి రోబోట్ చాసిస్‌ల దాకా అన్నీ అక్కడే. కౌంటర్ ముందు నిలబడగానే "క్యా హోనా భాయ్?" అంటారు. అక్కడ "సర్వో" అని ఊరుకుంటే చాలదు. ఎన్ని కేజీలది, ప్లాస్టిక్ గేరా మెటల్ గేరా అని రెండో ప్రశ్న వస్తుంది. మూడో ప్రశ్న మనమే అడగాలి, ఎవరూ అడగరు: ఎంత వేగం? ఆ మూడింటికీ జవాబు లేకుండా వెళ్ళినవాళ్ళకి దొరికేది ఎక్కువగా రోబోటిక్ చేతులకి వాడే ఎంజీ996ఆర్. 300–400 రూపాయల్లో వస్తుంది, మెటల్ గేర్లు, చూడ్డానికి దిట్టంగా ఉంటుంది. చెడ్డ వస్తువేం కాదు. కాకపోతే రేసు బండికి అది సరిపోతుందా అనేది లెక్క వేసి చూసుకోవాల్సిన విషయం.

ఇంకో మాట. ఆదివారం వెళ్ళకండి. ఆ రోజు గల్లీలో ఎక్కువ షట్టర్లు దింపే ఉంటాయి. ఆబిడ్స్‌లో మాత్రం మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. మామూలు రోజు పార్టుల కోసం వెళ్ళినా సుల్తాన్ బజార్‌లోనే 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంది. మన క్లబ్బు మెంబర్లకి అటు తొంగిచూడకుండా వచ్చే హక్కు లేదని నా అభిప్రాయం.

చెయ్యి నుంచి చక్రం దాకా

స్టీరింగ్ అంటే ఒక గొలుసు. రిమోట్ చక్రం మీరు తిప్పుతారు. అది రేడియో సిగ్నల్‌గా బండిలోని రిసీవర్‌కి చేరుతుంది. రిసీవర్ సర్వోకి సెకనుకి 50 సార్లు, అంటే 20 మిల్లీసెకన్లకి ఒకసారి, ఒక చిన్న పల్స్ పంపుతుంది. ఆ పల్స్ వెడల్పు 1.5 మిల్లీసెకన్లు ఉంటే "మధ్యలో ఉండు" అని అర్థం. 1 వైపు తగ్గితే ఒక పక్కకి, 2 వైపు పెరిగితే రెండో పక్కకి. సర్వో లోపల చిన్న మోటారు, గేర్లు, వాటి చివర షాఫ్ట్ ఎంత తిరిగిందో కొలిచే పొటెన్షియోమీటర్ ఉంటాయి. అడిగిన కోణానికీ ఉన్న కోణానికీ తేడా పోయేదాకా మోటారు తిరుగుతుంది. కంట్రోల్ సిస్టమ్స్ సబ్జెక్టులో బోర్డు మీద గీసిన క్లోజ్డ్ లూప్ ఇదే. 50 గ్రాముల డబ్బాలో పట్టేసింది, అంతే.

అసలు కథ ఆ డబ్బా బయట మొదలవుతుంది. సర్వో షాఫ్ట్ మీద హార్న్ ఉంటుంది (బండి హారన్ కాదు, కొమ్ము). దాని నుంచి ఒక కడ్డీ, ఆ కడ్డీ చివర సర్వో సేవర్ లేదా బెల్‌క్రాంక్, దాని నుంచి రెండు చక్రాలకీ రెండు కడ్డీలు, అక్కడ నకిల్, నకిల్ మీద చక్రం. లెక్కపెడితే సర్వో నుంచి ఒక టైరుకి వెళ్ళేలోపు అరడజను కీళ్ళు తగులుతాయి. సర్వో లోపలి లూపుకి తన షాఫ్ట్ సంగతి తప్ప వీటి సంగతి తెలియదు. షాఫ్ట్ తిన్నగా ఉంటే చాలు, తన పని అయిపోయింది అనుకుంటుంది. చక్రం ఎటు చూస్తోందో దానికి అనవసరం.

మెకానిక్కులు "ప్లే ఉంది" అంటారు చూశారా, ఆ ప్లే ఈ కీళ్ళలో ఉంటుంది. ఒక్కో కీలులో పావు మిల్లీమీటరు వదులు ఉందనుకోండి. నాలుగు కీళ్ళకి ఒక మిల్లీమీటరు. ఒక మిల్లీమీటరేగా అనిపిస్తుంది. కానీ నకిల్ మీద కడ్డీ తగులుకునే చోటు తిరిగే కేంద్రం నుంచి 20 మి.మీ. దూరంలో ఉంటే, ఆ ఒక్క మిల్లీమీటరు చక్రాన్ని దాదాపు 3 డిగ్రీలు కదిలిస్తుంది.

3 డిగ్రీలు ఎందుకు, ఒక్క డిగ్రీనే తీసుకుందాం. మన 1/10 స్కేలు బగ్గీలో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం సుమారు 28 సెం.మీ. అనుకోండి. ముందు చక్రాలు ఒక్క డిగ్రీ పక్కకి ఉంటే బండి 16 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తం మీద పోతుంది. అంటే 5 మీటర్లు పోయేసరికి తిన్నని గీత నుంచి ముప్పావు మీటరు పక్కకి జరిగి ఉంటుంది. ఫెస్టు ట్రాక్ మొత్తం వెడల్పే రెండు మూడు మీటర్లు. మొదట చెప్పిన తాగినవాడి నడకకి కారణం ఇదే. డ్రైవర్ సరిదిద్దుతాడు, ప్లే అవతలి పక్కకి పడుతుంది, బండి అటు పోతుంది, మళ్ళీ ఇటు. ఇక్కడ 25 కేజీల సర్వో పెడితే ఏమవుతుంది? ప్లే ఎంతుందో అంతే ఉంటుంది. దాన్ని ఇంకాస్త బలంగా అటూ ఇటూ కొడుతుంది.

ప్లే ఎక్కడుందో పట్టుకోవడానికి మీటర్లేవీ అక్కర్లేదు. బండిని ఏదైనా డబ్బా మీద పెట్టి ముందు చక్రాలు గాల్లో ఉండేలా చూడండి. రిమోటు, బండి రెండూ ఆన్ చేయండి, సర్వో బిగుసుకుని నిలబడుతుంది. డ్రైవ్ మోటారు వైరు మాత్రం ముందే పీకేయండి, వేళ్ళు మీవే. ఇప్పుడు ఒకరు చక్రాన్ని రెండు వేళ్ళతో మెల్లగా అటూ ఇటూ ఊపాలి. రెండోవాళ్ళు కళ్ళని చక్రం నుంచి సర్వో వైపు ఒక్కో కీలూ దాటించుకుంటూ వెళ్ళాలి. ఒక కీలుకి ఇవతలి ముక్క కదిలి అవతలి ముక్క కదలకపోతే, దొంగ దొరికినట్టే. మొబైల్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే ఇంకా తేలిక.

మా జూనియర్ల బండి ఒకటి ఇలాగే చూశాం. వాళ్ళు అప్పటికే సర్వో మార్చి ఉన్నారు, ఊగడం మాత్రం పోలేదు. చూస్తే బెల్‌క్రాంక్ తిరిగే స్తంభం చుట్టూ ఉన్న ప్లాస్టిక్ బుష్ అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. బుష్ తీసేసి అదే కొలతకి చిన్న బాల్ బేరింగులు పెట్టాక మూడొంతుల ఊగుడు అక్కడికక్కడే పోయింది. బేరింగ్ కొనేటప్పుడు లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం మూడూ వెర్నియర్‌తో కొలిచి రాసుకోండి. ఆర్‌సీ బళ్ళలో 5×8×2.5, 5×10×4 మి.మీ. లాంటి కొలతలు తరచుగా కనిపిస్తాయి. "ఇంచుమించు ఇంతే" అని వేళ్ళతో చూపిస్తే ఇంచుమించు సరిపోయేదే వస్తుంది.

బాల్ జాయింట్ల విషయంలో ఒక జాగ్రత్త. వదులుగా ఉన్న ప్లాస్టిక్ కప్పుని కటింగ్ ప్లేయర్‌తో కొంచెం నొక్కి బిగువు చేయొచ్చు, కానీ అతి చేయొద్దు. కడ్డీని ఒక చివర వదిలేస్తే దాని బరువుకి అదే కిందికి వాలాలి. వాలకుండా బిర్రబిగుసుకుని నిలబడితే ఆ ఘర్షణ అంతా సర్వో మీద పడుతుంది, మలుపు తర్వాత చక్రాలు పూర్తిగా మధ్యకి రావు. వదులు ఎంత చెడ్డదో బిగుతూ అంతే. బాగా అరిగినవాటిని నొక్కడం కంటే పారేయడం మేలు.

ఇక సర్వో సేవర్. పేరులోనే ఉంది. చక్రం రాయికి తగిలినప్పుడు ఆ దెబ్బ నేరుగా సర్వో గేర్ల పళ్ళకి తగలకుండా మధ్యలో ఒక స్ప్రింగ్ కుదుపుని మింగుతుంది. చౌక బళ్ళలో ఈ స్ప్రింగ్ మరీ మెత్తగా ఉంటుంది. నేల మీద పెట్టి తిప్పితే హార్న్ తిరుగుతుంది, సేవర్ ముడుచుకుంటుంది, చక్రాలు మాత్రం కదలవు. అది చూసి సర్వోని తిట్టడం అన్యాయం. నట్ ఉన్న సేవర్ అయితే కొంచెం కొంచెంగా బిగించండి: నేల మీద నిలబడి ఉన్న బండి చక్రాలు తిరగాలి, చేత్తో గట్టిగా చరిస్తే మాత్రం స్ప్రింగ్ లొంగాలి. "మెటల్ గేర్లే కదా" అని సేవర్‌ని పూర్తిగా లాక్ చేసేవాళ్ళున్నారు. గేరు విరగకపోతే నకిల్ విరుగుతుంది. దెబ్బ ఎక్కడికో పోవాలి కదా.

కేజీల లెక్క

కీళ్ళు సరిచేశాక కూడా బండి మలుపులో బద్ధకంగా ఉంటే, అప్పుడు సర్వో గురించి మాట్లాడదాం. 10 కేజీల సర్వో అంటే అది 10 కేజీలు మోస్తుందని కాదు. ఆ అంకె కేజీ-సెంటీమీటర్లలో టార్క్. షాఫ్ట్ కేంద్రం నుంచి 1 సెం.మీ. దూరంలో 10 కేజీల బలం. హార్న్ మీద 2 సెం.మీ. దూరంలో ఉన్న రంధ్రానికి కడ్డీ తగిలిస్తే 5 కేజీలే. పైగా అది సర్వో కదలలేక ఆగిపోయే చోటి బలం. రోజూ ఆ అంచున పని చేయించకూడదు.

మీ బండికి ఎంత కావాలో కొలవొచ్చు. సూట్‌కేసులు తూచే చేతి త్రాసు చాలు. బ్యాటరీ, బాడీ అన్నీ పెట్టి బండిని ట్రాక్ లాంటి నేల మీద నిలపండి. సర్వో కడ్డీ విప్పి, ఆ కడ్డీ తగిలే చోటే త్రాసు కొక్కెం తగిలించి లాగండి. చక్రాలు 1.2 కేజీల దగ్గర తిరిగాయనుకోండి, హార్న్ పొడవు 1.5 సెం.మీ. అనుకోండి. కావాల్సింది 1.8 కేజీ-సెం.మీ. దానికి మూడు రెట్లు వేసుకున్నా 6 దాటదు. 1/8 స్కేలు బరువైన బగ్గీలకి 15, 20 అవసరమవుతాయి, నిజమే. మన 1/10 బండికి 25 అనేది పెళ్ళి పందిట్లో వడ్డించినట్టు ఉంటుంది.

మనం అడగని మూడో ప్రశ్న వేగం. డేటాషీట్లలో 60 డిగ్రీలు తిరగడానికి పట్టే సమయంగా రాస్తారు. ఎంజీ996ఆర్‌కి 4.8 వోల్టుల దగ్గర 0.17 సెకన్లు, 6 వోల్టుల దగ్గర 0.14. గంటకి 40 కిలోమీటర్లతో పోయే బండి సెకనుకి 11 మీటర్లు పోతుంది. ఎడమ నుంచి కుడికి హార్న్ 60 డిగ్రీలు తిరగాలంటే, 0.17 సెకన్లలో బండి దాదాపు 1.9 మీటర్లు వెళ్ళిపోతుంది. రేసు కోసం చేసిన 0.08 సెకన్ల సర్వో అయితే 90 సెం.మీ. మాత్రమే. వరసగా ఎడమ, కుడి, ఎడమ వచ్చే ఇరుకు మలుపుల్లో ఆ మీటరు తేడా గోడకీ గీతకీ మధ్య తేడా. అందుకే డబ్బులుంటే కేజీల కంటే వేగానికి పెట్టమంటాను. 6–10 కేజీలు, 0.10 సెకన్ల లోపు. అలాంటివి వేలల్లో ఉంటాయి కాబట్టి నలుగురూ వేసుకుని ఒకటి కొనుక్కోవడం మంచిది.

ఇంకొకటి: స్టిక్కర్ మీది అంకెని నమ్మకండి. ఒకే పేరుతో అమ్మే సర్వోలన్నీ ఒకే చోట తయారైనవి కావు, షాపులోనైనా ఆన్‌లైన్‌లోనైనా. అమ్మ ఒప్పుకుంటే వంటింటి డిజిటల్ త్రాసు తెచ్చుకోండి. సర్వోని బల్లకి బిగించి, హార్న్ మీద 2 సెం.మీ. దగ్గర ఒక స్క్రూ పెట్టి, ఆ స్క్రూ త్రాసుని నొక్కేలా తిప్పండి. ఒక్క సెకను, అంతకంటే ఎక్కువసేపు వద్దు, మోటారు కాలిపోతుంది. త్రాసు 4 కేజీలు చూపిస్తే అది 8 కేజీ-సెం.మీ. సర్వో. త్రాసు గరిష్ఠ బరువు ఎంతో ముందే చూసుకోండి, తర్వాత ఇంట్లో నన్ను తలుచుకోవద్దు.

హార్న్ సంగతి కూడా. షాఫ్ట్ మీద సన్నని పళ్ళుంటాయి. ఫుటాబా తరహాలో 25, హైటెక్‌లో 24, సాన్వా, కేఓ, జేఆర్‌లలో 23. చూపుకి అన్నీ ఒకేలా ఉంటాయి. ప్లాస్టిక్ హార్న్‌ని బలవంతంగా దూరిస్తే దూరుతుంది కూడా, పళ్ళు చెరిగి రెండు ల్యాపుల తర్వాత జారుతుంది. సర్వోతో పాటు హార్న్ కూడా అక్కడికక్కడే తొడిగి చూసుకుని తెచ్చుకోండి.

కరెంటు దారి

ప్రమాదం గురించి చెప్తానన్నాను కదా, అది ఇక్కడే. రిసీవర్‌కీ సర్వోకీ కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి రాదు. డ్రైవ్ మోటారుని నడిపే ఈఎస్‌సీలోనే ఒక చిన్న వోల్టేజి రెగ్యులేటర్ ఉంటుంది, దాన్ని బీఈసీ అంటారు. చౌక ఈఎస్‌సీల్లో అది ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 1 లేదా 2 ఆంపియర్లు. ఎంజీ996ఆర్ 6 వోల్టుల దగ్గర పూర్తిగా ఆగిపోయినప్పుడు లాగేది 2.5 ఆంపియర్లు. సర్వో గట్టిదయ్యేకొద్దీ, వేగవంతమయ్యేకొద్దీ ఆకలి కూడా పెరుగుతుంది.

బీఈసీ ఇవ్వలేనప్పుడు వోల్టేజి కుంగుతుంది. సర్వో మందగిస్తుంది, అది ఫర్వాలేదు. కానీ అదే తీగ మీద రిసీవర్ కూడా బతుకుతోంది. వోల్టేజి మరీ పడిపోతే రిసీవర్ రీసెట్ అవుతుంది. మళ్ళీ రిమోట్‌తో కలవడానికి ఒక్క సెకను పట్టిందనుకున్నా ఆలోపు బండి 11 మీటర్లు ఎవరి మాటా వినకుండా పోతుంది. ఒకటిన్నర కేజీల బండి 40 కిలోమీటర్ల వేగంతో వచ్చి తగలడం అంటే అదే బండి రెండంతస్తుల పైనుంచి పడి తగలడంతో సమానం. మన ఫెస్టుల్లో జనం ట్రాక్ గీత మీదే కాళ్ళు పెట్టి నిలబడతారు. పైగా సర్వో ఎక్కువ కరెంటు లాగేది మలుపులోనే, జనం ఎక్కువ నిలబడేది కూడా మలుపు దగ్గరే. "సర్వో పెద్దది పెట్టాక రేంజ్ తగ్గింది, రేడియో బాగాలేదు" అని ఎవరైనా అంటే ముందు ఈ అనుమానం పెట్టుకోండి.

పరీక్ష తేలికే. మళ్ళీ డ్రైవ్ మోటారు వైరు పీకండి. చక్రాలు చేత్తో పట్టుకుని, స్టీరింగ్‌ని వేగంగా అటూ ఇటూ కొడుతూ, రిసీవర్‌లో ఖాళీగా ఉన్న చానెల్ దగ్గర వోల్టేజి చూడండి. మల్టీమీటర్ అంకె కుంగుతూ కనిపిస్తే విషయం ముదిరిందన్నమాట. క్షణకాలపు కుంగుళ్ళు మల్టీమీటర్‌కి దొరకవు. ల్యాబ్‌లో ఆసిలోస్కోప్ ఖాళీగా ఉన్న మధ్యాహ్నం చూసుకుని దాని మీద పెట్టండి, గుంటలు స్పష్టంగా కనిపిస్తాయి.

పరిష్కారం: విడిగా ఒక స్విచింగ్ బీఈసీ, 5 లేదా 6 వోల్టులు, 3 ఆంపియర్లు లేదా అంతకు మించి. అది పెట్టినప్పుడు ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కి వచ్చే మూడు తీగల్లో మధ్యనున్న ఎర్ర తీగని ప్లగ్ నుంచి తీసి టేపు చుట్టేయండి, లేకపోతే రెండు రెగ్యులేటర్లు ఒకదానితో ఒకటి కుస్తీ పడతాయి. నల్ల తీగ మాత్రం ఉండాలి, గ్రౌండ్ అందరికీ ఒకటే. రిసీవర్ పక్కన 1000 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్ ఒకటి పెడితే చిన్న చిన్న గుంటలు పూడుతాయి. ప్లస్, మైనస్ చూసి పెట్టండి. కొందరు కెపాసిటర్‌తోనే సరిపెట్టేస్తారు. ఎండిపోయిన బావిలో చెంబెడు నీళ్ళు పోసినట్టుంటుంది అది. ఇంకొందరు రెండు సెల్స్ లైపో నుంచి నేరుగా సర్వోకి ఇచ్చేస్తారు. ఆ బ్యాటరీ నిండా చార్జి అయితే 8.4 వోల్టులు. హై వోల్టేజి అని స్పష్టంగా రాసి ఉన్న సర్వోలు తప్ప మిగతావి పొగ కక్కుతాయి.

బీఈసీ మార్చినా మార్చకపోయినా ఫెయిల్‌సేఫ్ మాత్రం సెట్ చేసి తీరాలి. సిగ్నల్ పోతే త్రాటిల్ సున్నాకి రావాలి. చక్రాలు గాల్లో ఉంచి, కొంచెం త్రాటిల్ ఇచ్చి, రిమోట్ ఆఫ్ చేసి చూడండి. తిరుగుతూనే ఉంటే ఆ బండిని ట్రాక్ మీద దించకండి. నిర్వాహకులు అడగకపోయినా సరే.

రెండు చక్రాలు ఒకేలా తిరగకూడదు

మలుపులో లోపలి చక్రం చిన్న వృత్తం మీద, బయటి చక్రం పెద్ద వృత్తం మీద పోతాయి. రెండూ ఒకే కోణంలో తిరిగితే ఏదో ఒకటి ఈడ్చుకుపోవాలి. మన గుళ్ళ పెద్ద రథాలకి ఈ బాధ లేదు, ఎందుకంటే వాటికి స్టీరింగే లేదు. చక్రాల కింద కొయ్య దిమ్మలు పెట్టి, తాళ్ళు లాగి, ఈడ్చుకుంటూనే తిప్పుతారు. గుర్రపు బళ్ళకి చక్రాలు విడివిడిగా తిరిగే పద్ధతిని 1817లో మ్యూనిక్‌లో లాంకెన్‌స్పెర్గర్ అనే బళ్ళ తయారీదారు రూపొందించాడు. మరుసటి ఏడాది ఇంగ్లండులో పేటెంట్ తీసుకున్నది ఆయన ఏజెంటు రుడాల్ఫ్ ఆకర్‌మన్. పేరు ఏజెంటుదే నిలిచిపోయింది. గ్రూప్ ప్రాజెక్టు చేసినవాళ్ళకి ఈ కథ కొత్తగా అనిపించదు.

మన బండికి లెక్క: ఇరుసుల మధ్య 28 సెం.మీ., ముందు చక్రాలు తిరిగే కీళ్ళ మధ్య 20 సెం.మీ. అనుకుంటే, లోపలి చక్రం 30 డిగ్రీలు తిరిగినప్పుడు బయటిది సుమారు 22 డిగ్రీలు తిరగాలి. మెల్లగా పోతున్నప్పుడు ఈ లెక్క అచ్చం సరిపోతుంది. వేగంలో టైర్లు జారుతూ పోతాయి కాబట్టి రేసు బళ్ళలో దీన్ని కొంచెం అటూ ఇటూ చేస్తారు. బెల్‌క్రాంకులని కలిపే పట్టీ మీదో నకిల్ మీదో రెండు మూడు రంధ్రాలుంటే అవి దీనికోసమే. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు కంపెనీ ఇచ్చిన రంధ్రంలోనే ఉంచండి. దీనికంటే ముందు చూడాల్సినవి ఉన్నాయి.

ఉదాహరణకి టో. పైనుంచి చూస్తే ముందు చక్రాల ముక్కులు లోపలికి ఉన్నాయా, బయటికి ఉన్నాయా అన్నది. సున్నా నుంచి ఒక డిగ్రీ బయటికి ఉంటే మలుపులోకి చురుగ్గా దిగుతుంది. ఎక్కువైతే తిన్నని దారిలో దిక్కులు చూస్తుంది. సర్దడానికి టర్న్‌బకిల్ కడ్డీలు పెట్టుకుంటే హాయి. ఒక చివర మామూలు మర, రెండో చివర ఎదురు మర ఉంటాయి కాబట్టి కడ్డీ విప్పకుండానే మధ్యలో స్పానర్‌తో తిప్పి పొడవు మార్చొచ్చు. ఎదురు మర ఉన్న చివర అన్నిటికీ ఒకే పక్కకి వచ్చేలా బిగించండి. లేకపోతే ట్రాక్ పక్కన కంగారులో ఒకదాన్ని పెంచి ఒకదాన్ని తగ్గిస్తారు.

ఇంకోటి, ఎవరూ చూడనిది. స్టీరింగ్ మధ్యలో ఉంచి బండి ముందు భాగాన్ని చేత్తో కిందికి నొక్కి వదలండి. సస్పెన్షన్ కదిలినప్పుడు చక్రాలు కూడా లోపలికో బయటికో తిరుగుతున్నాయా? దీన్ని బంప్ స్టీర్ అంటారు. గతుకుల ట్రాక్ మీద మీరు తిప్పకుండానే బండి తిరుగుతుందంటే దెయ్యం పని కాదు, ఇదే. నకిల్ మీది బాల్ స్టడ్ కింద ఒక మి.మీ. వాషర్ పెట్టో తీసో మళ్ళీ నొక్కి చూడండి. తిరగడం తగ్గితే దారి సరైనదే.

రేడియో చివర

మెకానికల్ పని అయ్యాకే రిమోట్ ముట్టుకోవాలి. మన దగ్గర చాలామంది వాడే ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6లో కావాల్సిన మెనూలన్నీ ఉన్నాయి. ముందు ట్రిమ్‌లు అన్నీ సున్నా చేసి, సర్వో ఆన్‌లో ఉండగా, హార్న్‌ని కడ్డీకి వీలైనంత లంబంగా వచ్చే పన్ను మీద తొడగండి. మిగిలిన చిన్న తేడాని సబ్‌ట్రిమ్‌తో, చక్రాలు తిన్నగా రాకపోతే కడ్డీల పొడవుతో సర్దండి. ట్రిమ్ బటన్‌ని రేసు రోజుకి దాచుకోండి.

తర్వాత ఎండ్ పాయింట్లు. ఎడమకి పూర్తిగా తిప్పండి. నకిల్ దాని ఆపు దగ్గరికి చేరాక కూడా సర్వో "జీ..." మని మూలుగుతుంటే అది గోడని తోస్తోందని అర్థం. ఇందాక చెప్పిన 2.5 ఆంపియర్లు ఇలాంటి చోటే లాగుతుంది. మూలుగు ఆగేదాకా ఆ పక్క ఎండ్ పాయింట్ తగ్గించండి. కుడికి విడిగా చేయండి, రెండు అంకెలూ ఒకటే రావాలని లేదు. డ్యుయల్ రేట్ మొత్తం తిరుగుడుని తగ్గిస్తుంది. పెద్ద ట్రాక్‌కి పనికొస్తుంది. ఎక్స్‌పో మధ్యలో మెత్తగా, అంచుల్లో చురుగ్గా చేస్తుంది. చేతులు వణికే మొదటి రేసుకి 20–30 శాతం మెత్తదనం ఉపయోగమే. ప్లేని దాచడానికి మాత్రం ఎక్స్‌పో వాడొద్దు. గోడ పగులు మీద క్యాలెండర్ వేలాడదీసినట్టుంటుంది.

పరీక్షించడానికి పొద్దున్నే ఖాళీగా ఉండే బాస్కెట్‌బాల్ కోర్టు బాగుంటుంది. సుద్దతో గీత గీసి, సగం వేగంతో, స్టీరింగ్ ముట్టకుండా వదలండి. ఒక పక్కకి లాగితే అదే గీత మీద ఎదురు దిక్కులో కూడా వదలండి. రెండు సార్లూ బండి తన ఎడమకే లాగితే తప్పు బండిది. ఒకసారి తన ఎడమకి, ఒకసారి తన కుడికి లాగితే కోర్టు వాలుది. తర్వాత మెల్లగా ఎడమకి ఒక పూర్తి వృత్తం, కుడికి ఒక పూర్తి వృత్తం వేయించి, రెండిటి వ్యాసాలూ టేపుతో కొలవండి. అరచెయ్యి కంటే ఎక్కువ తేడా ఉంటే మళ్ళీ ఎండ్ పాయింట్ల దగ్గరికి. అక్కడా సరిపోకపోతే హార్న్ ఒక పన్ను పక్కకి తొడిగి ఉంటుంది. చివరగా ఎనిమిది అంకె ఆకారంలో పది రౌండ్లు, వేగం పెంచుకుంటూ. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది ఫోన్‌లో రాసుకోండి. పది రౌండ్ల తర్వాత సర్వోని ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే సరే. వేలు పెట్టలేనంత కాలుతుంటే ఎక్కడో ఏదో బిగుసుకుని ఉంది, మళ్ళీ డబ్బా మీదికి ఎక్కించి చక్రం నుంచి మొదలుపెట్టండి.